మట్టి కింద పేరు

సుద్దముక్క అసలు పేరు ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. రాయి మీద అక్షరాలు చెక్కేముందు సుద్దతో గీతలు గీసే పని ఆ పిల్లది; అప్పుడప్పుడు ఉలి పట్టి చెక్కేది కూడా. పొద్దస్తమానం చేతులు తెల్లగా, ముక్కు కొన తెల్లగా, జడ చివర తెల్లగా ఉండేవి. పైగా నలుగురిలో నోరు విప్పేది కాదు. "మాట్లాడితే అరిగిపోతాననుకుంటుంది, సుద్దముక్కలాగా" అని వాళ్లమ్మ ఒకసారి విసుక్కుంది. ఆ మాట అలాగే అతుక్కుపోయింది.

వాళ్ల నాన్న రాతిపనివాడు. ఊరి చివర పరాయి దేశపు సైనికుల సమాధి తోట ఉంది. ఎప్పుడో జరిగిన పెద్ద యుద్ధంలో సముద్రం దాటి వచ్చి ఈ నేల మీద చచ్చిపోయినవాళ్లు అక్కడ వరసలు వరసలుగా పడుకుని ఉన్నారు. ఎండకూ వానకూ అరిగిపోయిన రాళ్లను తీసి కొత్తవి నిలబెట్టే పని తాత కాలం నుంచి ఈ ఇంటిదే. పేరు తెలిసినవాళ్ల రాయి మీద పేరు ఉంటుంది. తెలియనివాళ్ల రాయి మీద 'ఒక సైనికుడు' అని మాత్రమే ఉంటుంది.

వానలు తగ్గిన కొత్తలో ఒకరోజు సమాధి తోట అధికారి పనిశాలకు వచ్చాడు. ఎండ ఉన్నా లేకపోయినా తల మీంచి టోపీ తీయడు కాబట్టి అందరికీ ఆయన టోపీ సారు. వస్తూనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మూడో వరసలో గోడ పక్క రాయి ఉంది చూడు, పేరు లేనిది. ఆయనెవరో తేలింది."

"ఇన్నేళ్లకా?" అన్నాడు నాన్న.

"వాళ్ల దేశంలో పాత కాగితాలు ముందేసుకుని కూర్చునే మనుషులున్నారు. వాళ్లు తేల్చారు. ఆయనకో కూతురుందట. ముసలావిడ. తండ్రి మొహం చూడకుండానే పెరిగిందట. వచ్చే వారం ఇక్కడికొస్తోంది. ఆవిడ వచ్చేలోపు పేరున్న రాయి నిలబడాలి."

"నిలబెడదాం సార్."

"పాతది మామూలే. నా కళ్లముందు పగలగొట్టాలి."

మామూలే అంటే, అది అక్కడి కట్టుబాటు. తోటలోంచి తీసిన రాయి ఏ ఇంటి మెట్టుగానో, ఏ బట్టలుతికే బండగానో మారకూడదు. చచ్చిపోయినవాళ్లకు అది అవమానం. అందుకే పాత రాయిని పనిశాలకు తెచ్చి, అధికారి చూస్తుండగా ముక్కలు చేసి, ఆ ముక్కలను గోతిలో పూడుస్తారు.

గుమ్మంలో కూర్చుని ఇసుక జల్లిస్తున్న నాయనమ్మ చేతిలో జల్లెడ ఆగిపోయింది. అది సుద్దముక్క ఒక్కతే గమనించింది.

గోడ పక్క రాయి నాయనమ్మది. అంటే, అలా అందరూ అనుకునేవాళ్లు. తెల్లారగానే నీళ్ల డబ్బా పట్టుకుని వెళ్లి, ఆ రాయి చుట్టూ ఉన్న పూలమొక్కలకు నీళ్లు పోసి, రాయి మీది పిట్టరెట్టలు తుడిచి, కాసేపు కూర్చుని వచ్చేది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. "అత్తయ్యకి ఇల్లు ఇక్కడా, పుట్టిల్లు అక్కడా" అని అమ్మ ఎగతాళి చేసేది. నాయనమ్మ కోప్పడేది కాదు. ఆ మాటలో నిజం ఉంది మరి. ఆవిడ అన్నయ్య కూడా ఆ యుద్ధంలోనే ఓడెక్కి ఎక్కడికో వెళ్లి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. అక్కడెక్కడో ఒక పెద్ద గోడ కట్టి, దొరకనివాళ్ల పేర్లన్నీ దాని మీద రాశారని మాత్రం ఎవరో చెప్పారు.

"గోడ మీద పేరుందట" అనేది నాయనమ్మ. "గోడకి నీళ్లు పోస్తామా? అందుకే ఈయనకి పోస్తున్నా. అక్కడ ఏ తల్లో మావాడి గోడని చూసుకుంటూ ఉంటుందిలే."

టోపీ సారు వెళ్లిపోయాక నాయనమ్మ మనవరాలిని గదిలోకి పిలిచింది.

"తలుపు దగ్గరగా వెయ్యి. ఇలా కూర్చో. నువ్వు ఎవరితోనూ వాగవు కాబట్టి నీకు చెబుతున్నా."

సుద్దముక్క కూర్చుంది.

"ఆ రాయి కాలు మీద మా అన్నయ్య పేరుంది."

సమాధి రాయిలో మట్టి కింద పూడిపోయే అడుగు భాగాన్ని పనిశాలలో కాలు అంటారు. దాని మీద ఏమీ చెక్కరు. నున్నగా కూడా చెయ్యరు. ఎవరికీ కనిపించదు కనుక.

"మీ తాత చెక్కాడే. పెళ్లైన కొత్తలో ఆ రాయి మార్చాల్సి వచ్చింది. కాళ్లావేళ్లా పడ్డా. పైన వద్దు, కింద చెక్కండి, మట్టిలో ఉంటుంది, నాకూ మీకూ తప్ప ఎవరికీ తెలియదని. ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు చెక్కాడు. మన అక్షరాల్లోనే."

సుద్దముక్కకు విషయం అర్థమైంది. రాయి పైకి తీస్తే పేరు బయటపడుతుంది. ఆర్డరులో లేని గీత ఒక్కటి పడ్డా సమాధి తోట పని ఆ ఇంటికి దక్కదు. అది ఒక ఎత్తు. ఇంకోటి దానికంటే పెద్దది. "మా నాన్న చెక్కిన రాయి మీద అనవసరమైన చుక్క ఉండదు" అని నాన్న వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ చెప్పుకుంటాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన వెన్ను నిటారుగా అవుతుంది.

"నాన్నకి చెప్పు నాయనమ్మా" అంది మెల్లగా.

"నా నోటితో చెప్పలేనే. వాడు వాళ్ల నాన్నని నెత్తిన పెట్టుకున్నాడు. నా మూలంగా దించనా? నువ్వు చెప్పు. రాయి ఎలాగోలా కప్పి తెమ్మను. పై భాగం పగలగొట్టుకోండి, నాకేం బాధ లేదు. ఆ కాలు మాత్రం... దాని మీద సుత్తి పడనివ్వకు. అన్నయ్య పేరు ఇంకెక్కడా నా కళ్ల ముందు లేదు."

మాటలు రాని పిల్లకు మాట్లాడే పని అప్పగించింది నాయనమ్మ.

మర్నాడు అన్నాల దగ్గర సుద్దముక్క గొంతు సవరించుకుంది. "నాన్నా..."

"ఊఁ, ఏంటి?"

"ఉలి మొద్దుబారింది."

నాన్న తిని లేచి ఉలి సాన పట్టి ఇచ్చాడు. ఆ మర్నాడు కొత్త రాయి మీద పేరుకు గీతలు గీస్తూ మళ్లీ "నాన్నా" అంది. ఆయన తలెత్తి చూశాడు. ఇంకో ఉలి మొద్దుబారిందని చెప్పింది. 

"ఈ పిల్ల చేతిలో పడ్డ ప్రతి ఉలీ మొద్దుబారిపోతోంది. రాళ్లు చెక్కుతున్నావా, నములుతున్నావా?" అన్నాడు నాన్న. అమ్మ పకపకా నవ్వింది. సుద్దముక్క కూడా నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

కొత్త రాయి తయారైంది. పేరు పరాయి భాషది. సుద్దముక్కకు ఆ అక్షరాలు వచ్చు, మాటలు రావు. ఒక్కో అక్షరమూ గీస్తున్నప్పుడు, ఇది కూడా ఎవరో ఒకరి అన్నయ్య పేరే కదా అనిపించింది. వెంటనే నాయనమ్మకు ద్రోహం చేసినట్టు కూడా అనిపించింది.

చివరకు ఆ పిల్ల ఒక ఉపాయం ఆలోచించింది. ముసలావిడ రాకముందే రాయి మార్చేస్తారు కదా. పైకి తీసీ తీయగానే కాలికి గోనెసంచి చుట్టేస్తే సరి. బండి మీద అలాగే ఇంటికి వస్తుంది. తర్వాత నాన్నకు చూపించవచ్చు. చూపిస్తే మాట్లాడే పని ఉండదు.

కానీ రాయి మార్చే రోజు పొద్దున్నే టోపీ సారు తోట గేటు దగ్గర ఎదురొచ్చాడు. పక్కన నీలం కోటు వేసుకున్న పొడుగాటి ముసలావిడ, ఆవిడ మాటలు చెప్పడానికి ఒక దుభాషి అమ్మాయి.

"ముందే వచ్చేశారు" అన్నాడు టోపీ సారు నాన్నతో. "పాత రాయి కూడా చూడాలట. తీసేటప్పుడు పక్కనే ఉంటానంటున్నారు. ఇంకో మాట. ఇన్నేళ్లూ మీ అమ్మ ఆ సమాధిని చూసుకుంటోందని చెప్పాను. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మీ అమ్మని చూడాలట."

"ఇంట్లోనే ఉంది సార్. పనయ్యాక తీసుకెళదాం" అన్నాడు నాన్న, వెన్ను నిటారుగా చేసి.

గునపాలతో చుట్టూ మట్టి వదులు చేశారు. నాన్న, ఇంకో పనివాడు కలిసి రాయిని అటూ ఇటూ కదిపి పైకి లాగారు. తడిమట్టి అంటుకుని కాలు నల్లగా బయటికొచ్చింది. సుద్దముక్క ఒక్క ఉదుటున వెళ్లి గోనెసంచి చుట్టేసింది.

"ఏంటా కంగారు?" అన్నాడు నాన్న.

"మట్టి... బండికి అంటుకుంటుందని."

"భలే శుభ్రం నేర్చుకున్నావే!"

రాయిని గడ్డి మీద పడుకోబెట్టారు. సుద్దముక్క ఊపిరి పీల్చుకుంది. అప్పుడు ముసలావిడ దగ్గరకు వచ్చి వంగి, గోనెసంచి మీద చెయ్యి పెట్టి ఏదో అడిగింది.

"కింది భాగం చూడచ్చా అంటున్నారు" అంది దుభాషి అమ్మాయి. "ఇన్నేళ్లూ నాన్నకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది అదే కదా అని."

కాదనడానికి ఎవరి దగ్గర ఏ కారణమూ లేదు. టోపీ సారే సంచి విప్పాడు. ముసలావిడ మోకాళ్ల మీద కూర్చుని, కోటు జేబులోంచి చేతిరుమాలు తీసి మట్టి తుడవసాగింది. పసిబిడ్డ ఒళ్లు తుడిచినట్టు తుడిచింది. ముందు ఒక అక్షరం కనిపించింది. తర్వాత ఇంకొకటి. కాసేపటికి పేరంతా బయటపడింది.

నాన్న ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆ చేతిరాత ఎవరిదో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు.

ముసలావిడ తలెత్తి అడిగింది. "ఏం రాసుందిక్కడ?" అంది దుభాషి అమ్మాయి.

టోపీ సారు చదివాడు. నాన్న వంక చూశాడు. మళ్లీ రాయి వంక చూశాడు. "పనివాడి గుర్తు అని చెప్పమ్మా" అన్నాడు నెమ్మదిగా. "పాతకాలంలో రాయి చెక్కినవాళ్లు తమ పేరు వేసుకునేవాళ్లని చెప్పు."

ఆ మాట వినగానే ముసలావిడ ముఖం విప్పారింది. "అయితే మా నాన్న ఒంటరిగా లేడు" అందట. ఆ అక్షరాల మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత వంగి చెంప కూడా ఆనించింది. మట్టి చెంపకు అంటుకుంది. ఆవిడ కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయింది.

గండం గడిచింది. ఇంక నోరు మూసుకుని నిలబడితే చాలు. నోరు మూసుకుని నిలబడడం సుద్దముక్కకు పుట్టుకతో వచ్చిన విద్య. కానీ ఆ చెంప వంక చూస్తుంటే లోపల ఏదో తన్నుకొచ్చింది. నాయనమ్మ అన్నయ్యను పనివాడిని చేశారు. ఆ పనివాడిని నమ్మి ఈవిడ ఏడుస్తోంది. ఒకే అబద్ధం ఇద్దరినీ మోసం చేస్తోంది.

"అది పనివాడి పేరు కాదు."

ఎవరు మాట్లాడారా అని నాన్న వెనక్కి తిరిగి చూశాడు.

"మా నాయనమ్మ అన్నయ్య పేరు. ఆయన కూడా సైనికుడే. ఎక్కడో పోయాడు. నాయనమ్మ అడిగితే తాతయ్య చెక్కాడు. రోజూ నీళ్లు పోసేది ఆయన కోసమే." అంతా ఒక్క గుక్కలో అనేసింది.

దుభాషి అమ్మాయి టోపీ సారు వంక చూసింది. ఆయన కళ్లతోనే వద్దన్నాడు. కానీ ముసలావిడ లేచి నిలబడి ఆ అమ్మాయి భుజం పట్టుకుంది. చెప్పక తప్పలేదు.

విన్నాక ఆవిడ చేతిరుమాలు వంక చాలాసేపు చూసింది. తర్వాత ఒక్క మాట అంది. దుభాషి అమ్మాయి దాన్ని నేల చూస్తూ చెప్పింది.

"అంటే, ఇన్నేళ్లూ ఆ పూలు మా నాన్నకి కాదన్నమాట."

కొత్త రాయి నిలబెట్టి, పాతది బండి మీద వేసుకుని అందరూ పనిశాలకు బయలుదేరారు. బండి చక్రాల చప్పుడు మాత్రం వినిపించింది. నాన్న కూతురి వంక ఒక్కసారి కూడా చూడలేదు.

నాయనమ్మ కొత్త చీర కట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. బండి మీద విప్పి ఉన్న కాలు చూసింది. అందరి ముఖాలూ చూసింది. ఇంకేం అడగలేదు. లేచి నిలబడి, ముసలావిడకు కుర్చీ చూపించింది. ఆవిడ కూర్చోలేదు.

"ఒక్కటే అడగాలంట" అంది దుభాషి అమ్మాయి. "ఇన్నేళ్లలో ఒక్కసారైనా, నిజంగా అక్కడ పడుకున్నది ఎవరో అని అనుకున్నారా?"

నాయనమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంది. అబద్ధం చెప్పడానికి అంత కంటే అనువైన సమయం ఉండదు. ఇంట్లో అందరూ ఆవిడ అబద్ధమే చెబుతుందని అనుకున్నారు.

"మొదట్లో అనుకునేదాన్నమ్మా. పాపం ఎవరి బిడ్డో, వీడికీ ఒక తల్లి ఉంటుంది కదా అనుకునేదాన్ని. పేరు చెక్కించాక మానేశా. అనుకుంటే నీళ్లు పోయలేకపోయేదాన్ని. మావాడిని మళ్లీ పోగొట్టుకున్నట్టుండేది." కొంగు వదిలేసి, "తప్పే" అంది.

ముసలావిడ తల ఊపింది. క్షమించానని కాదు, విన్నానని.

టోపీ సారు ఇబ్బందిగా దగ్గాడు. ఆయన చెడ్డవాడు కాదు. "అమ్మా, పైవాళ్లకి ఈ సంగతి చెప్పక తప్పదు నాకు. కానీ మీరు సరే అంటే, ఈ కింది ముక్క వరకూ పగలగొట్టకుండా వీళ్లకి వదిలేయమని అడిగి చూస్తాను. మీ మాట కాదనరు" అన్నాడు ముసలావిడతో.

సుద్దముక్కకు ఆశ పుట్టింది. దుభాషి అమ్మాయి చెబుతున్నంతసేపూ ఆవిడ పెదవుల వైపే చూసింది.

"వద్దు" అందట ఆవిడ. "పగలగొట్టండి. అది మా నాన్న రాయి."

నాయనమ్మ కుర్చీలో కూర్చుండిపోయింది. కానీ కోపగించుకోలేదు. "ఆవిడన్నది నిజమే" అంది కొడుకుతో. తర్వాత ముసలావిడ వైపు తిరిగి, "ఆయన ఎలా ఉండేవాడు?" అని అడిగింది.

ముసలావిడ సందేహించింది. చేతిసంచిలోంచి ఒక చిన్న ఫొటో తీసింది. నిజానికి నాయనమ్మకు ఇవ్వడానికే తెచ్చిందట. ఇప్పుడు మాత్రం ఇవ్వలేదు. తన వేళ్ల మధ్యే గట్టిగా పట్టుకుని చూపించింది.

నాయనమ్మ కళ్లు చికిలించి చూసింది. "అయ్యో, పసివాడు" అంది. "మావాడు కూడా ఇంతే ఉండుంటాడు. నాకప్పుడు చిన్నతనం కదా, పెద్దవాడిలా గుర్తుండిపోయాడు."

ఫొటో సంచిలోకి వెళ్లిపోయింది. ముసలావిడ నమస్కారం లాంటిది ఏదో చేసి బయటికి నడిచింది. దుభాషి అమ్మాయి వెనకే పరుగెత్తింది.

పై భాగాన్ని నాన్న పగలగొట్టాడు. సుత్తి దెబ్బకొక ముక్క చొప్పున 'ఒక సైనికుడు' విడిపోయాడు. కాలు దగ్గరకు వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగిపోయింది. సుత్తి కింద పెట్టేశాడు.

"నేను కొట్టను సార్. మా నాన్న చేతి పని ఇది. మంచిదో చెడ్డదో."

"కొట్టాలయ్యా. నన్నిరికించకు" అన్నాడు టోపీ సారు బతిమాలుతున్నట్టు.

"పిల్లతో తీయించు" అంది నాయనమ్మ. "దానికి నేనే పని చెప్పా. సుత్తితో వద్దే. చితక్కొట్టకు. ఉలితో తియ్యి. అక్షరం తర్వాత అక్షరం."

సుద్దముక్క రాయి ముందు కూర్చుంది. ఉలి పెట్టింది. ఇంతవరకూ పేర్లు చెక్కడమే తెలుసు ఆ పిల్లకు. పేరు తీసేయడం ఎలాగో చేతికి తెలియలేదు. తాత ఎంత లోతుగా చెక్కాడంటే, చుట్టూ రాయంతా దించితే తప్ప అక్షరం పోవడం లేదు. ఒక్కో అక్షరం పోతుంటే నాయనమ్మ దాన్ని పెదవులతో పలికింది. చివరి అక్షరం పోయాక ఊరుకుంది. నాన్న గోడ వైపు తిరిగి ఉలులు సర్దుతున్నాడు. సర్దినవాటినే మళ్లీ సర్దుతున్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన కూతురి కంచంలో కూర వేస్తూ, "నాకు ముందే చెప్పుండచ్చు కదా" అన్నాడు.

"చెబుదామనే వచ్చా."

"ఎప్పుడు?"

"ఉలి మొద్దుబారిందన్నప్పుడు."

నాన్న గరిటె పట్టుకుని అలాగే చూశాడు. తర్వాత తినడం మొదలుపెట్టాడు. తోట పని ఉంటుందో పోతుందో తెలియదు. పైవాళ్ల నుంచి ఇంకా కబురు రాలేదు. ఆయన మాత్రం ఆ రోజు నుంచి వచ్చేపోయేవాళ్లతో తన తండ్రి గురించి మాట్లాడడం మానేశాడు.

నాయనమ్మ సమాధి తోటకు వెళ్లడమూ మానేసింది. తెల్లారగానే మెలకువ వచ్చేస్తుంది. మంచం మీదే కూర్చుంటుంది. అమ్మ ఎగతాళి కూడా చెయ్యలేదు. "తోటలో పేరు లేనివి ఇంకా ఉన్నాయి కదా అత్తయ్యా, ఇంకోదానికి పోయండి" అంది ఒకరోజు, మంచి మనసుతోనే.

"ఇంకొకడి ఇంట్లో దూరమంటావా?" అంది నాయనమ్మ.

కొన్నాళ్లు గడిచాక ఒక పొద్దున ఆవిడ చెప్పులు వేసుకుని సుద్దముక్కను లేపింది. ఇద్దరూ వెళ్లారు. గోడ పక్క కొత్త రాయి తెల్లగా మెరుస్తోంది. పూలమొక్కలు వాడిపోయి తలలు వాల్చేశాయి. నాయనమ్మ నీళ్లు పోయలేదు. డబ్బా కింద పెట్టి నిలబడింది.

"చదవవే" అంది.

సుద్దముక్క చదివింది. తను గీసిన పేరే అయినా పైకి పలకడం అదే మొదటిసారి.

"నోరు తిరగదే నాకు. మెల్లగా చెప్పు."

మెల్లగా చెప్పింది. నాయనమ్మ మొదలుపెట్టింది. మొదటి ముక్క సరిగ్గానే వచ్చింది. రెండోది వంకరపోయింది. అక్కడ తడబడి, ఊపిరి తీసుకుని, గబుక్కున పూర్తి చేయబోయింది. నోటికి అలవాటైన పేరు, అన్నయ్య పేరు, బయటికి వచ్చేసింది.

నాయనమ్మ ఉలిక్కిపడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎవరైనా విన్నారేమోనని వరసలన్నీ చూసింది. రాళ్లు తప్ప ఎవరూ లేరు. ఆవిడ కళ్లు నిండాయి.

"రాదే నాకు" అంది.

"వస్తుంది నాయనమ్మా" అంది సుద్దముక్క. వస్తుందని ఆ పిల్లకూ నమ్మకం లేదు. "మళ్లీ చెబుతా, విను."